డ్యామ్ వేరు, బ్యారేజీ వేరు సామీ

ఇంగ్లీషు పర్యాయపదాలు నేర్పే చవక పుస్తకాలు డ్యామ్, వియర్, బ్యారేజీ, రిజర్వాయర్ అన్నిటినీ ఒకే వరసలో నిలబెట్టి చేతులు దులుపుకుంటాయి. నెల్లూరు జిల్లా కొడవలూరు రైతు అట్లా కలగాపులగం చేయడు. ఆయనకు సోమశిల డ్యామ్, సంగం బ్యారేజీ, కనిగిరి రిజర్వాయర్. పొరపాటున సోమశిల బ్యారేజీ అన్నామా, "అది యాడుంది సామీ?" అంటాడు.

నీళ్లు చేసే పనిని బట్టి ఆయనకు మాట కుదురుతుంది. సోమశిల 78 టీఎంసీలు పట్టి ఉంచుతుంది. 2022లో సంగం దగ్గర ప్రారంభించిన కట్టకు గేట్లున్నాయి, ఎత్తితే వదులుతుంది, దించితే ఆపుతుంది. అక్కడ మళ్లిన పెన్నా నీళ్లు కనిగిరి రిజర్వాయర్‌లో చేరి, కాలవలు పట్టి ఇక్కడి కయ్యల్లోకి వస్తాయి. బ్యారేజీకి ముందు సంగంలో ఉన్నది 1880ల్లో దొరలు కట్టించిన రాతికట్ట. దానికి నీళ్లను తలమీదుగా పోనివ్వడమే తెలుసు. ఇంగ్లీషులో దాన్ని వియర్ అనాలి. పెన్నా ఒడ్డున ఆ మాట ఎవరి నోటా వినపడదు. దొరలే దాన్ని పక్కన పెట్టి, అరవ మాటను సాగదీసి 'ఆనికట్' అని రాసుకున్నారు. అది మన ఆనకట్టకు తోబుట్టువే. 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. ఇప్పుడు మన పిల్లలు దాన్ని అచ్చ ఇంగ్లీషనుకుని స్పెల్లింగు బట్టీ పడుతున్నారు!

చెరువును ట్యాంకు అనడం కూడా ఈ దేశపు ఇంగ్లీషే. అమెరికావాడికి ట్యాంకంటే గాజుపెట్టెలో చేపలో, యుద్ధంలో ఫిరంగి బండో గుర్తుకొస్తుంది. అంతమాత్రాన ట్యాంకును లేక్‌గా దిద్దేవాళ్లతో నేనేకీభవించను. లేకంటే ఊటీలో పడవ షికారు. తూము, కలుజు, ఆయకట్టు ఉన్నదానికి ట్యాంకే సరి.

తూర్పుగా విడవలూరు దాటి సముద్రం వైపు పోతే రొయ్యల గుంటలు. అక్కడ పేర్ల తగాదా ఇంకా ముదురుతుంది. 2009లో పెంపకానికి అనుమతి వచ్చాక వనామీ రొయ్య టైగర్ రొయ్యను పక్కకు నెట్టింది. గట్టుమీద ఏదైనా రొయ్యే. పెట్టెకెక్కేటప్పుడు మాత్రం ప్రానా, ష్రింపా? లండన్‌లో ప్రాన్ అంటారు, న్యూయార్క్‌లో చిన్నా పెద్దా అన్నీ ష్రింపే. ఉప్పునీటివి ష్రింప్, మంచినీటివి ప్రాన్ అని శాస్త్రవేత్తలు ఒక గీత గీశారు గానీ, వంటింట్లో దాన్నెవరు లెక్కచేస్తారు? కొనేవాడి ఊరే పేరు పెడుతుంది.

ఇక స్కాంపి. ఒకప్పుడు నెల్లూరు జిల్లా గుంటల్లో విరివిగా పెంచిన నీలకంఠ రొయ్యకు మన ఎగుమతి కాగితాల్లో అదే పేరు. బ్రిటన్‌లో స్కాంపి అడిగితే బ్రెడ్ పొడి పట్టించి వేయించిన ఒక రకం సముద్రపు లాబ్‌స్టర్ తోకలొస్తాయి. అమెరికాలో ష్రింప్ స్కాంపి అంటే వెన్న, వెల్లుల్లి వేసి వండిన మామూలు రొయ్యలు. నీలకంఠం రెండుచోట్లా కనపడదు. నెల్లూరు నుంచి వెళ్లిన పిల్లలు అక్కడి హోటల్లో నోరూరి ఆర్డరిచ్చే ముందు మెనూలో బొమ్మ చూసుకుంటే డబ్బులు మిగులుతాయి.