ఎవురి మధ్యన?

తమ్ముడు జపాన్ నుంచి ఫోన్ చేసి క్యోటోలో ఇల్లు కొంటున్నానంటే అమ్మ ధర అడగలేదు. "ఎవురి మధ్యన్రా అబ్బాయ్?" అంది. మాదిగపల్లెలో బతికిన మనిషికి ఇల్లంటే ముందు అదే ప్రశ్న.

నాకు టీచరుద్యోగం వచ్చిన ఏడు టౌన్లో పదకొండు ఇళ్ళు తిరిగాను. అడ్వాన్సు కోసం చాపిన చెయ్యి "మీరేవిట్లు?" అన్న మాట దగ్గర వెనక్కి పోయేది. తమ్ముడు జపాన్ వెళ్ళినప్పుడు అందుకే సంతోషించాను. మన ఇంటిపేరు విని లెక్కలేసేవాడు అక్కడుండడు కదా అని.

వాడు చూసింది 'మచియా'. 1950కి ముందు కట్టిన పాత చెక్క ఇల్లు. వీధివైపు ఇరుకు, లోపలికి పొడుగు. మలుగుచేప పడక అంటారట. ఫోన్లో చూపించాడు. చెక్క ఊచల కిటికీ, మట్టిగోడలు, గడ్డిచాపల గది, మధ్యలో చాపంత తోట. ముందున్న సందు 4 మీటర్లు లేదు. పడగొట్టి కొత్తది కట్టాలంటే వెనక్కి జరిగి కట్టాలి. అందుకని పాతదే బాగుచేయించుకుంటానన్నాడు.

వారం తర్వాత వాడి గొంతు మారింది. "అన్నా, ఆఫీసులో ఒకాయన ఆ పేట వద్దంటున్నాడు. ఎందుకో చెప్పడు."

ఎందుకో వాడే తెలుసుకున్నాడు. అది బురాకు పేట. బురాకు అంటే పల్లె అనే అర్థం. చచ్చిన పశువుల్ని మోసి, తోళ్ళ పని చేసినవాళ్ళని అంటరానివాళ్ళుగా వెలేసిన చోట్లు. 1871లో ప్రభుత్వం ఆ అంతరాన్ని రద్దు చేసింది. మొహం ఒకటే, భాష ఒకటే. పట్టిచ్చేది చిరునామా. ఆ పేటల పేర్లు పుస్తకాలుగా వేసి కంపెనీలకు రహస్యంగా అమ్ముతున్నారని 1975లో బయటపడింది. ఉద్యోగానికొచ్చినవాడి ఊరు చూసి కాదనడానికి. ఈ వివక్ష పోవాలని 2016లో కూడా చట్టం చెయ్యాల్సొచ్చింది. తమ్ముడి పేట పేరు నేనిక్కడ రాయను. ఆ జాబితాలకు ఇంకో కాయితం చేర్చను.

అప్పుడు నేనేమన్నానో రాయకపోతే ఇదంతా అబద్ధం. "ఇంకోచోట చూసుకోరా. అంతదూరం పోయి మళ్ళీ పల్లెలోనేనా? పిల్లలున్నారు" అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు ఇల్లివ్వనోళ్ళు కూడా పిల్లల పేరే చెప్పారు గదన్నా" అన్నాడు.

పదకొండు గుమ్మాల ముందు నిలబడ్డవాణ్ణి, పన్నెండో ఇంటి యజమానిలా మాట్లాడాను. చదువు నాకు ఉద్యోగమిచ్చింది. ఆ నోరు కూడా ఇచ్చిందని అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం వాడు క్యోటో స్టేషన్ దగ్గరి సూజిన్ వెళ్ళొచ్చాడు. అదీ బురాకు పేటే. 1899లో ఆ పేటవాళ్ళే సొంతంగా బ్యాంకు పెట్టుకున్నారు. 1907లో కట్టిన దాని చెక్క భవనం ఇప్పుడు మ్యూజియం. బురాకు జనం తమ విముక్తికి సుయిహేయిషా సంఘం పెట్టుకుంది కూడా క్యోటోలోనే, 1922 మార్చి 3న. అంబేద్కర్ మహద్ చెరువు నీళ్ళు తాగడానికి అయిదేళ్ళ ముందు.

వాడు సంతకం చేశాడు. అంతకుముందు ఏజెంటు చట్టప్రకారం చదివి వినిపించిన కాయితాల్లో రోడ్డు, నీళ్ళు, మురుక్కాలవ ఉన్నాయి. కులం లేదు.

అమ్మ మళ్ళీ అడిగింది, "ఎవురి మధ్యన్రా?"

"మనోళ్ళ మధ్యనేనమ్మా."

"అయితే నీళ్ళకి ఇబ్బందుండదులే" అంది అమ్మ.