వేటకి ముందు రాత్రి

దుప్పి వేట అంటే నాటు తుపాకి భుజాన వేసుకుని అడవిలోకి పోవడమే అని మన కుర్రాళ్లు కొందరు అనుకుంటున్నారు. చోడవరంలో నా దగ్గర చదివే కొండ ఊళ్ల పిల్లలదీ అదే మాట. ఇటుకల పండగకి మా పెదనాన్న వెనకాల నేనూ వేటకి వెళ్లాను. వేట కన్నా దాని ముందు రాత్రే నాకు ఎక్కువ గుర్తు.

దిసారి మంచి రోజు చెప్పేవాడు. బారికి ఇంటింటికీ తిరిగి పిలిచేవాడు. నాయుడి అరుగు ముందు మగవాళ్లంతా కూడితే పెదనాన్న పుల్లతో మట్టిలో కొండ గీసేవాడు. ఇది గెడ్డ, ఇది కనుమ, ఇవి ఇప్పచెట్లు. చైత్రంలో ఇప్పపూలు రాలతాయి. వాటికోసం దుప్పి, కణితి, కొండగొర్రె చీకటుండగానే వస్తాయి. ఎండ ముదిరేసరికి గెడ్డ పక్క నీడకి చేరతాయి. ఆ దారిలో మాటు ఎక్కడ వేయాలన్నదే వాదన. ఒక్కోసారి కోడి కూసేదాకా తెగేది కాదు.

అన్నిటికన్నా గాలి ముఖ్యం. పొద్దు పొడవక ముందు చల్లగాలి కొండ మీద నుంచి కిందికి దిగుతుంది. అందుకని మాటు కింద, డప్పులతో తోలేవాళ్లు పైన. ఎండెక్కాక గాలి లోయలోంచి పైకి మళ్లుతుంది, అప్పుడు మాటు పైకి మారాలి. మనిషి వాసన తగిలిందా, దుప్పి ఇక ఆ దారికి రాదు. డీఎడ్ చదివేటప్పుడు కొండగాలి, లోయగాలి అని పుస్తకంలో చూస్తే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

మాటులో కూర్చున్నవాడు కేక వినబడేదాకా కదలకూడదు, కదిలితే సాటివాడి బాణమే తగలొచ్చు. చూలుతో ఉన్న జంతువుని వదిలెయ్యాలి. మొదటి బాణం వేసినవాడికి తల, ఒక తొడ. మిగతాది ఊరంతటికీ సమానం, మగదిక్కు లేని ఇంటికీ వాటా ఉంది. ఉత్త చేతులతో వస్తే మాత్రం ఆడవాళ్లు పేడనీళ్లు చల్లేవారు. మా పెద్దమ్మ ఆ కుండ పొద్దున్నే సిద్ధం చేసుకునేది!

పిల్లలకి చట్టం కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా కొన్ని జంతువుల వేటకి లైసెన్సులు ఉండేవి. 1991 సవరణతో అవీ పోయాయి. 2006 అటవీ హక్కుల చట్టం మనకి పోడు భూమి మీద, అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చింది కానీ వేటని పేరుపెట్టి మినహాయించింది. తాతల నాటి ఆచారం అంటే కేసు ఆగదు. లైసెన్సు దొరికినన్నాళ్లూ డబ్బున్నవాళ్లకి వేట సరదా, మనకి నేరం. ఆ బాధ నాకూ ఉంది. అయినా దుప్పులు తగ్గిపోయిన కొండ మీదికి తుపాకితో పొమ్మని నేను చెప్పను.

ఇప్పుడు కొందరు కరెంటు తీగలు పరుస్తున్నారు. అడవిపందికని పెట్టిన తీగకి మనుషులే చచ్చిపోతున్నారు. దానికి మాటు అక్కర్లేదు, గాలి చూడక్కర్లేదు, ఆగమని కేక వేసే పెద్ద కూడా ఉండడు. దాన్ని వేట అనడానికి నాకు నోరు రాదు.

అదే 2006 చట్టం అడవినీ జంతువులనీ కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. కాబట్టి పండగ ముందు రాత్రి కూడిక మానొద్దని మా ఊళ్లో చెప్పాను. కొండ గీద్దాం, గాలి చూసుకుని తెల్లారే పైకి పోదాం, అడుగుజాడలు లెక్కపెడదాం, ఎవరి తీగలున్నా పీకేసి వద్దాం అన్నాను. ముసలివాళ్లు సరేనన్నారు. కుర్రాళ్లు ఇంకా ఏమీ తేల్చలేదు. మా పెద్దమ్మ మాత్రం ఒకటే అడిగింది: "అందరూ ఉత్త చేతులతోనే వస్తే పేడనీళ్లు ఎవడి మీద చల్లాలిరా?"