ఉప్పల్ నుంచి చికాగోకు దగ్గర దారి

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారం పక్కపక్కనే ఉన్నాయి. ఉప్పల్‌లో భారత సర్వే శాఖ వారు భూమిని కొలిచే విద్య నేర్పుతారు. ఉప్పల్ రోడ్డులోనే 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కూడా ఉన్నది. ఈ పేటల్లో పిల్లలను అమెరికా పంపిన ఇళ్ళు ఎన్నో. "మా వాడు ఉండే చికాగో ఎంత దూరం? ఎన్ని గంటల్లో వస్తాడు?" అని బామ్మలు అడుగుతూ ఉంటారు. ఆ లెక్క మనమూ చూద్దాం.

ముందు శంషాబాదు విమానాశ్రయం చేరాలి. ఉప్పల్ నుంచి తిన్నగా గీత గీస్తే అది సుమారు 23 కిలోమీటర్లే. కాని ఇళ్ళూ, చెరువులూ అడ్డం వస్తాయి. అంచేత రోడ్డు మీద 30 కిలోమీటర్లు దాటుతుంది.

ఆకాశంలో అడ్డేమీ లేదు కదా! గోడమీది ప్రపంచ పటంలో హైదరాబాదు నుంచి చికాగోకు స్కేలుతో గీత గీయండి. అది అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం దాటి పోతుంది. ఆ దారి సుమారు 16,100 కిలోమీటర్లు.

ఇప్పుడు గ్లోబు తీసుకుని, ఆ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి పట్టండి. వింత చూశారా? దారం పడమటికి పోక ఉత్తరానికి పోతుంది! రష్యా, ఆర్కిటిక్ సముద్రం, గ్రీన్‌లండు, కెనడా మీదుగా చికాగో చేరుతుంది. ఆ దారాన్ని భూమధ్యరేఖ మీద పెట్టి చూడండి. ఆ రేఖలో మూడోవంతు వస్తుంది. రేఖ మొత్తం సుమారు 40,000 కిలోమీటర్లు గనక, మన దారి సుమారు 13,300 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉండటంవల్లనే ఈ తేడా. గుండ్రని దాన్ని బల్లపరుపు కాగితం మీద పరిస్తే దూరాలు సాగిపోతాయి.

2,800 కిలోమీటర్లు తగ్గటం చిన్న విషయం కాదు. గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానానికి అది మూడు గంటల ప్రయాణం. అంతసేపటికి సరిపడే ఇంధనం మొయ్యాలంటే బరువు పెరుగుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు, చికాగోల మధ్య ఎక్కడా ఆగని విమానం నడిపింది. తరవాత అది నిలిచిపోయింది. దారిలో విమానం మారితే, అక్కడ కాచుకునే గంటలు కూడా కలుపుకోవాలి. ఎదురుగాలి వీచినా, ఏదైనా దేశం తన మీదుగా పోనివ్వకపోయినా ప్రయాణం ఇంకా పెరుగుతుంది.

గడియారం సంగతి కూడా మరవకండి. చలికాలంలో మన గడియారం చికాగో గడియారం కన్న పదకొండున్నర గంటలు ముందుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇక్కడ బయలుదేరి, పదహారు గంటలు ఎగిరి చికాగోలో దిగితే, అక్కడ అదే రోజు సాయంత్రం అయిదున్నర! నాచారంలో బామ్మకు మాత్రం అప్పటికి మర్నాటి తెల్లవారుజాము అయిదు. మనవడు క్షేమంగా దిగాడన్న ఫోను కోసం ఆమె ఆ వేళకే లేచి కూచుంటుంది.