ఎక్స్ అర టికెట్టు కూడా కావచ్చు

ఎండాకాలంలో డాలస్‌లో నాకు రాత్రి తొమ్మిదిన్నర అయితే, నంద్యాలలో మా అక్క కూతురికి పొద్దున ఎనిమిది. ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌కు చదువుతోంది. మా రోజుల్లో గణితంలో ఉండే, ఇచ్చిన సమాచారం జవాబుకు చాలుతుందా అని అడిగే డేటా సఫిషియెన్సీ, 2023 చివర్లో పరీక్ష మారాక డేటా ఇన్‌సైట్స్ విభాగంలో చేరింది. చోటు మారినా గుంతలు మాత్రం పాతవే.

మొన్నటి లెక్క ఇది. ఎక్స్ పూర్ణాంకమా? మొదటి సమాచారం: ఎక్స్ వర్గం పూర్ణాంకం. రెండోది: ఎక్స్‌కు రెట్టింపు పూర్ణాంకం.

"మొదటిదొక్కటే చాలు గదా మామా! 4 అయితే 2, 9 అయితే 3."

"4నూ 9నీ పిలిచినావు, మధ్యలో 5 ఏం పాపం చేసింది?"

కాసేపు మాట లేదు. 5కు వర్గమూలం పూర్ణాంకం కాదు. ఆమెను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఒకప్పుడు ఎక్స్ వర్గం 9 అనగానే 3 అని రాసేసి, మైనస్ 3ను మరిచి వచ్చినవాణ్ణే. సున్నా సరిసంఖ్య కాదనుకున్నదీ, వేర్వేరు అని రాయకున్నా ఎక్స్, వై వేర్వేరే అనుకున్నదీ నేనే.

తప్పు మన అలవాటుది. మా వైపు నంద్యాల చుట్టూ నవనందులు, ఆళ్లగడ్డ దాటి అహోబిలం పోతే నవనారసింహులు. దేవుళ్లు ఎందరని అడిగితే జవాబు పూర్ణాంకమని వేరే చెప్పాలా? మనుషులైనా, గొర్రెలైనా అంతే, అక్కడ ఊహించుకోవడం న్యాయమే. ఉత్త ఎక్స్‌కు ఆ మర్యాద లేదు. రాసి ఉంటే తప్ప అది పూర్ణాంకమనీ అనుకోకూడదు, ధనసంఖ్యనీ అనుకోకూడదు.

రెండో సమాచారం దగ్గర ఆళ్లగడ్డ బస్సు గుర్తుకొచ్చింది. అమ్మ, అక్క, నేను. రెండు ఫుల్లు, ఒక హాఫు. దిగేది ముగ్గురం, ఛార్జీ రెండున్నర టికెట్లది. రెట్టింపు చేస్తే 5, పూర్ణాంకమే. ఎక్స్ మాత్రం రెండున్నర. కాబట్టి రెండోదీ ఒంటరిగా చాలదు.

"మరి రెండూ కలిపితే?" అన్నాను.

ఈసారి తొందరపడలేదు. రెండోదాన్ని బట్టి ఎక్స్ పూర్ణాంకమైనా కావాలి, చివర అర ఉన్నదైనా కావాలి. అర ఉన్నదాన్ని వర్గం చేస్తే పావు మిగులుతుంది, రెండున్నరకు ఆరుంబావు వచ్చినట్టు. మొదటి సమాచారం దాన్ని ఒప్పుకోదు.

"సి, మామా," అంది. విడివిడిగా ఏదీ చాలదు, రెండూ కలిపితే చాలు అనే ఆప్షన్ అది. సరైన జవాబే.