అడవి అంటే చెట్లు కాదు

డిగ్రీ పిల్లలకి మధ్యయుగాల యూరప్ రాజకీయ భావాలు చెప్పడం ఎప్పుడూ కష్టమే. 1077 జనవరిలో నాలుగో హెన్రీ పోప్ క్షమాపణ కోసం కనోస్సా కోట బయట మంచులో మూడు రోజులు నిలబడ్డాడంటే కథలా వింటారు. అక్వినాస్ దగ్గరికొచ్చేసరికి ఫోన్లు బయటికొస్తాయి. మా క్లాసులో సగం మంది పాల్వంచ దాటాక అడవి మొదలయ్యే ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళే. అందులో ఒక కోయ కుర్రాడు గతేడాది లేచి, "మేడం, రాజు పెద్దా పోపు పెద్దా అన్నది సరే. అడవెవరిదో ఎవరూ చెప్పలేదు గదా?" అన్నాడు.

టెక్స్ట్‌బుక్‌లో లేదు. కానీ చరిత్రలో ఉంది.

మాగ్నా కార్టా అందరికీ తెలుసు. దానికో తమ్ముడున్నాడు, 1217 నవంబరులో వచ్చిన ఫారెస్ట్ చార్టర్. అప్పటికి మూడో హెన్రీ పదేళ్ళ పిల్లాడు. అసలు 'మాగ్నా', అంటే పెద్దది, అన్న పేరు కూడా ఈ చిన్నదాని నుంచి విడదీసి చెప్పడానికే వాడుకలోకొచ్చింది. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఫారెస్ట్ అంటే చెట్లు కాదు. రాజు వేట కోసం ప్రత్యేక చట్టం కిందికి తెచ్చుకున్న నేల. అందులో ఊళ్ళున్నాయి, పొలాలున్నాయి. మా వైపు ఒక్క చెట్టూ లేని చోట కూడా రిజర్వ్ ఫారెస్ట్ అని బోర్డు పాతి ఉంటుంది చూడండి, అలాంటిదే. చార్టర్ వచ్చాక జింకని చంపినందుకు ప్రాణం తీయకూడదు, అవయవాలు నరకకూడదు. పందుల్ని మేపుకోవచ్చు. ముందటి రాజులు కొత్తగా కలుపుకున్న నేలల్ని వదిలెయ్యాలి. అయితే ఇవన్నీ 'స్వతంత్రులకి' మాత్రమే. భూస్వామి కింద కట్టుబడి బతికే రైతుకి కాదు. అందుకే దాన్ని మరీ నెత్తిన పెట్టుకోను.

మన దగ్గరా అడవి గురించి ఆలోచించిన రాజున్నాడు. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెబుతాడు. సరిహద్దు కోటల దగ్గర అడవి పెంచు, రాజ్యం నడుమ ఉన్నది కొట్టించు అంటాడు. అడవి జనాన్ని బాగుచేద్దామనుకోవడం వృథా, మాట తప్పకుండా మచ్చిక చేసుకుంటే యుద్ధంలో పనికొస్తారు అంటాడు. తెలివైన మాటే, కాదనను. కాకపోతే అక్కడ అడవి ఒక గోడ, అందులోని మనిషి ఆ గోడకి కాపలా. అతనికి రాజు మీద హక్కంటూ ఉండొచ్చన్న ఊహే ఆ పద్యాల్లో కనపడదు. ఇంగ్లండులో ఆ ఊహ పుట్టింది రాజుల మంచితనం వల్ల కాదు, బేరన్లు కత్తులు పట్టుకుని కూర్చోవడం వల్ల.

ఇదంతా చెప్పాక కుర్రాడు అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ నాన్న మూడెకరాల పోడు పట్టా కోసం పెట్టిన దరఖాస్తు ఆధారాలు చాలవని తిరిగొచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచీ సాగులో ఉంటే చాలు. నిబంధనల్లో ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే. ఇతని తాత చెప్పిందీ, పక్క చేను ముసలాయన చెప్పిందీ కాగితం మీదికి ఎక్కలేదు, అంతే.

చార్టర్ తర్వాత ఇంగ్లండులో అడవి హద్దులు తేల్చింది కూడా మనుషుల నోటిమాటే. 1218 నుంచి ఆయా ప్రాంతాల నైట్లు ప్రమాణం చేసి, ఈ వాగు దాకా, ఆ గుట్ట దాకా అని నడిచి చెప్పారు. హెన్రీ పెద్దవాడయ్యాక అందులో కొన్నిటిని ఒప్పుకోనన్నాడు, అది వేరే గొడవ. కానీ నడిచినవాడి మాట ముందుగా రాసుకున్నారు.

ఆ మాట చెప్పగానే కుర్రాడు వెనక బెంచీ నుంచి నోట్‌బుక్ తెచ్చాడు. అందులో వాళ్ళ చేను బొమ్మ గీసి ఉంది. తూర్పున ఇప్పచెట్టు, పడమర పాముపుట్ట, దక్షిణాన ఎండాకాలం ఎండిపోయే వాగు. "ఇది రాసి మా పెద్దోళ్ళతో వేలిముద్ర వేయిస్తా మేడం. ఎలా మొదలెట్టాలో చెప్పండి" అన్నాడు. ఆ రోజు అక్వినాస్ పక్కన పెట్టి, బోర్డు మీద వాంగ్మూలం రాసే పద్ధతి రాశాను. ఇంకో నలుగురు కూడా ఎక్కించుకున్నారు.