పొడుగాటి ఆసనం

ఇంతవరకు ఇక్కడ నవలలను, కథాసంపుటాలను పరిచయం చేస్తూ వచ్చాను. నేటి పుస్తకానికి రచయిత పేరు లేదు. అమెరికాలో ‘ఏటీవీ’ అని పిలిచే నాలుగు చక్రాల బండితోపాటు యజమానికి ఇచ్చే చిన్న పుస్తకమది. దానిని తెరిచి చదివినవారిని నేను అరుదుగా ఎరుగుదును. నేనైనా ఒక బాలుని మూలంగానే తెరిచాను.

ఒక వేసవి ఆదివారం సాయంత్రం పదకొండేళ్ల బాలుణ్ణి అత్యవసర విభాగానికి తెచ్చారు. మిత్రుల పొలంలో తండ్రి వెనుక కూర్చుని మిట్ట ఎక్కుతుండగా బండి వెనక్కు తిరగబడింది. ప్లీహం చిట్లింది, తొడ ఎముక విరిగింది. తండ్రికి మోచేయి గీరుకుపోయింది, అంతే. నా పేరు చూసి ఆయన తెలుగులోకి మారాడు: “సీటు అంత పొడుగ్గా ఉంది కదండీ డాక్టరుగారూ, ఇద్దరికని అనుకున్నాను.”

ఆ మాట నన్ను వదలలేదు. ఆ రాత్రే ఆ పుస్తకాన్ని అంతర్జాలంలో వెదికి చదివాను. ఒకరికోసం చేసిన బండిలో ఆసనం పొడుగు రెండవ మనిషి కోసం కాదు. మిట్ట ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కు, మలుపులో లోపలివైపుకు నడిపేవాడు తన శరీరభారాన్ని జరపవలసి ఉంటుంది. ఆ కదలికకే ఆ చోటు. వెనుక మరొకరు కూర్చుంటే ఆ చోటు పోతుంది, బరువు వెనుక చక్రాల మీదికి చేరుతుంది. పిల్లవాడు ఒంటరిగా నడిపినా చిక్కే. సుమారు మూడు వందల కిలోల యంత్రాన్ని అదుపుచేసే బరువు వాడి ఒంటిలో ఉండదు.

ఇది కొత్త సంగతి కాదు. 1970లో హోండా మూడు చక్రాల బండిని అమెరికా విపణికి తెచ్చింది. ప్రమాదాలు పెరగగా, 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒడంబడిక ప్రకారం తయారీదారులు మూడు చక్రాలవాటి అమ్మకం మానుకున్నారు. పెద్దల బండ్లను 16 ఏళ్లలోపువారి కోసం అమ్మబోమన్నారు. ఆ ఒడంబడిక గడువు 1998లో తీరింది. 1982 నుండి ప్రభుత్వం లెక్కించిన మరణాలలో 16 ఏళ్లలోపు పిల్లలవే మూడు వేలు దాటాయి. ఆ వయసులోపువారు వీటిని నడపనే కూడదని అమెరికా శిశువైద్యుల అకాడమీ చెబుతూనే ఉంది.

మా ఇంటి ఆల్బంలో ఒక ఛాయాచిత్రం ఉంది. స్మోకీ పర్వతాల దిగువన ఒక మిత్రుని బండిపై నేను, నా ముందు ఐదేళ్ల మా అమ్మాయి. ఇద్దరి తలలమీదా హెల్మెట్ లేదు. ఇద్దరమూ నవ్వుతున్నాము.

బాలుడు ఇంటికి వెళ్లే రోజున తండ్రి అడిగాడు: “ఇదంతా ఎక్కడైనా రాసి ఉంటుందాండీ?”

“ఉందండీ. బండిమీద కూడా అంటించి ఉంటుంది,” అన్నాను. ఒక క్షణం ఆగి, “నేనూ చదవలేదు,” అని ఆ చిత్రం సంగతి చెప్పాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు గాని ఏమీ అనలేదు.

ఈ పుస్తకంలో తప్పక చదవవలసినవి హెచ్చరికల పుటలు మాత్రమే. పది నిమిషాలు పట్టదు. వేసవి ప్రయాణానికి ముందే చదవండి.