కాపీ ఎవరిది? ఖ్యాతి ఎవరిది?

హార్లెమ్‌లో ఒక దుకాణం కుట్టిన జాకెట్‌ నిన్న నేరం, నేడు కళ. మధ్యలో మారిందేమిటి?

1989 నాటి ఒక జాకెట్‌. ముందువైపు మెత్తటి బొచ్చు, భుజాల దగ్గర బుడగల్లా ఉబ్బిన చేతులు, ఆ చేతుల నిండా లూయీ విటాన్‌ అక్షరాలు. తొడుక్కున్నది ఒలింపిక్‌ పరుగుల క్రీడాకారిణి డయాన్‌ డిక్సన్‌. అక్షరాలు ప్యారిస్‌వే అయినా జాకెట్‌ మాత్రం ప్యారిస్‌లో పుట్టలేదు. న్యూయార్క్‌ నగరంలోని నల్లజాతి పేట హార్లెమ్‌లో, 125వ వీధిలోని ఒక దుకాణంలో తయారైంది. సరిగ్గా 28 ఏళ్ల తర్వాత, 2017 మే నెలలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో గూచీ సంస్థ తన కొత్త దుస్తులను ప్రదర్శించింది. ఒక మోడల్‌ దాదాపు అదే జాకెట్‌తో నడిచి వచ్చింది. అదే బొచ్చు, అవే ఉబ్బు చేతులు. లూయీ విటాన్‌ అక్షరాల స్థానంలో గూచీ అక్షరాలు.

రెండు ఫొటోలూ పక్కపక్కన ఇంటర్నెట్‌లో కనిపించేసరికి దుమారం రేగింది. ఇది దొంగతనం కాదు, నివాళి అని గూచీ సంజాయిషీ ఇచ్చుకుంది. ఎవరికి నివాళి? డేనియల్‌ డే అనే వ్యక్తికి. హార్లెమ్‌ ఆయన్ను పిలిచే పేరు డ్యాపర్‌ డ్యాన్‌. మన మాటలో చెప్పాలంటే షోకిల్లా డ్యాన్‌. ఆయన దుకాణం మూతపడి అప్పటికి పాతికేళ్లు. మూయించినది కూడా ఇలాంటి ఖరీదైన ఫ్యాషన్‌ సంస్థల న్యాయవాదులే.

డ్యాన్‌ 1944లో హార్లెమ్‌లోనే పుట్టారు. చిల్లులు పడిన బూట్లతో పెరిగిన కుర్రాడికి మంచి బట్ట విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. పాచికల జూదంలో ఆరితేరి సంపాదించారు. 1974లో ఆఫ్రికా వెళ్లినప్పుడు లైబీరియాలో ఒక దర్జీ పనితనం చూసి ముగ్ధుడయ్యారు. తిరిగొచ్చాక, 1982లో 125వ వీధిలో దుకాణం తెరిచారు. మొదట బొచ్చు కోట్లు అమ్మాలనుకున్నారు. కానీ పెద్ద సరఫరాదారులు ఆయనకు సరకు ఇవ్వడానికి ఇష్టపడలేదు. దాంతో తానే తయారీకి దిగారు. గూచీ సంచులు కొని, కోసి, ఆ ముక్కలను కోట్లకు అతికించారు. అది చాలక తోలు మీద కంపెనీ ముద్రలు అచ్చువేయడం నేర్చుకున్నారు. సెనెగల్‌ నుంచి వచ్చిన దర్జీలు రాత్రింబవళ్లు కుట్టేవారు. దుకాణం 24 గంటలూ తెరిచే ఉండేది.

కొనేవాళ్లెవరు? ముందు వచ్చింది పేటలోని జూదగాళ్లు, మాదకద్రవ్యాల వ్యాపారులు. 1980లలో హార్లెమ్‌ను కుంగదీసిన క్రాక్‌ కొకైన్‌ డబ్బే ఆ దుకాణాన్ని కూడా నిలబెట్టిందన్నది చేదు నిజం. వాళ్ల వెనకాలే ర్యాప్‌ గాయకులు వచ్చారు. ఎరిక్‌ బి, రకీమ్‌ల జంట ఆయన జాకెట్లు వేసుకుని ఆల్బమ్‌ అట్టల మీద కనిపించింది. ఎల్‌ఎల్‌ కూల్‌ జె, సాల్ట్‌ ఎన్‌ పెపా బృందం ఆయన దుస్తులనే ధరించాయి. 1988 ఆగస్టులో ఒక తెల్లవారుజామున బాక్సర్‌ మైక్‌ టైసన్‌ ఆ దుకాణం ముందే మరో బాక్సర్‌ మిచ్‌ గ్రీన్‌తో తలపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పత్రికలన్నీ అటు తిరిగాయి. హార్లెమ్‌ రహస్యం బయటపడింది. ఖరీదైన బ్రాండ్ల న్యాయవాదులకు చిరునామా దొరికింది.

దాడులు మొదలయ్యాయి. సరకు జప్తయింది. చివరిగా ఇటలీ సంస్థ ఫెండీ తరఫున వచ్చిన న్యాయవాదుల్లో ఒకరు సోనియా సొటొమయోర్‌. పక్కనే ఉన్న బ్రాంక్స్‌లో పేద కుటుంబంలో పెరిగిన ఆమె 2009లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1992లో దుకాణం మూతపడింది. డ్యాన్‌ మళ్లీ వీధుల్లో టీషర్టులు అమ్ముకునే స్థితికి వచ్చారు.

చట్టం ప్రకారం చూస్తే ఆయనది తప్పే. ఒకరి ముద్రను అనుమతి లేకుండా అచ్చువేయడం ఏ దేశంలోనైనా నేరమే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. లూయీ విటాన్‌ అప్పట్లో పెట్టెలూ సంచులే అమ్మేది. 1990ల చివరి వరకు రెడీమేడ్‌ దుస్తుల జోలికే రాలేదు. లేని జాకెట్‌ను ఎవరైనా ఎలా కాపీ కొడతారు? డ్యాన్‌ తీసుకున్నది వాళ్ల అక్షరాలు. జాకెట్‌ ఆలోచన ఆయనది. 2017లో గూచీ తీసుకున్నది ఆ ఆలోచననే. అక్షరం తీసుకున్నవాడికి జప్తు, ఆలోచన తీసుకున్నవారికి ర్యాంప్‌ మీద చప్పట్లు. అక్షరాన్ని ట్రేడ్‌మార్క్‌ చట్టం కాపాడుతుంది. పేదవాడి ఊహను కాపాడే చట్టమేదీ లేదు.

నల్లజాతివారికి బట్ట ఎందుకంత ముఖ్యమన్న ప్రశ్నకు జవాబు కూడా చట్టంలోనే ఉంది. బానిసలు ఏ రకం ముతక గుడ్డ కట్టుకోవాలో 1740లో సౌత్‌ కరోలినా చట్టం చేసి మరీ చెప్పింది. 1786లో న్యూ ఆర్లీన్స్‌లో స్పెయిన్‌ గవర్నర్‌ నల్లజాతి స్త్రీలు జుట్టు కనిపించకుండా తలగుడ్డ కట్టుకోవాలని శాసించాడు. వాళ్లు కట్టుకున్నారు. కాకపోతే రంగురంగుల గుడ్డలతో, కిరీటం పెట్టుకున్నంత దర్జాగా. వాటిలో మన కోరమండల్‌ తీరం నుంచి ఓడలెక్కిన మద్రాసు గళ్ల రుమాళ్లూ ఉండేవి. అవమానించడానికి తెచ్చిన నిబంధన అలంకారమైపోయింది.

1917 జూలై 28న న్యూయార్క్‌లోని ఐదో అవెన్యూలో దాదాపు 10,000 మంది నల్లజాతివారు ఊచకోతలకు నిరసనగా ఊరేగింపు తీశారు. నినాదం లేదు, పాట లేదు. డప్పుల చప్పుడు, అడుగుల సవ్వడి మాత్రమే. పురుషులు నల్ల సూట్లలో, స్త్రీలూ పిల్లలూ తెల్లటి దుస్తుల్లో. వాళ్ల ప్రకటన సగం ఆ బట్టల్లోనే ఉంది. హార్లెమ్‌ను ఆనుకునే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న భీమ్‌రావ్‌ అంబేద్కర్‌ అంతకు ఏడాది ముందే న్యూయార్క్‌ వదిలి లండన్‌ వెళ్లారు. మంచి బట్ట కడితేనే తప్పన్న సమాజంలో సూటు ఎంత పెద్ద మాటో ఆయనకు తెలుసు. తెలుగు పల్లెల కూడళ్లలో నీలి సూటుతో నిలబడ్డ విగ్రహాలు చెప్పేది కూడా ఆ మాటనే.

గూచీ కథ మాత్రం రాజీతో ముగిసింది. 2017లోనే డ్యాన్‌ ఆ సంస్థ ప్రకటనల్లో మోడల్‌గా కనిపించారు. 2018లో గూచీ భాగస్వామ్యంతో, ఆ సంస్థే ఇచ్చిన గుడ్డలతో హార్లెమ్‌లోని లెనాక్స్‌ అవెన్యూలో కొత్త కుట్టుశాల తెరిచారు. అమ్ముడుపోయారని కొందరు గొణిగారు. ఏడాది తిరిగిన కొద్దికాలానికే ఆయనకు పరీక్ష ఎదురైంది. 2019 ఫిబ్రవరిలో గూచీ ఒక నల్ల స్వెటర్‌ అమ్మకానికి పెట్టింది. అది ముఖం సగం కప్పేస్తుంది, నోటి చుట్టూ మాత్రం ఎర్రటి లావు పెదాలు. తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లజాతివారిని వెక్కిరించిన పాత నాటకాలే అందరికీ గుర్తొచ్చాయి. సంస్థ క్షమాపణ చెప్పి సరకు వెనక్కి తీసుకుంది. తాను ఏ బ్రాండ్‌ మనిషినీ కావడానికి ముందు నల్లజాతి మనిషినని డ్యాన్‌ బహిరంగంగా చెప్పారు. గూచీ అధిపతిని హార్లెమ్‌కు పిలిపించి పేట పెద్దల ముందు కూర్చోబెట్టారు. కొద్ది వారాలకే నల్లజాతి తదితర వర్గాల కోసం సంస్థ 50 లక్షల డాలర్ల నిధిని ప్రకటించింది. లోపల ఉన్నవాడికే ఆ పని చేతనవుతుందని ఆయన సమర్థకులు అన్నారు. తోసిపుచ్చడం కష్టం.

ఆ తర్వాత గౌరవాలు వరస కట్టాయి. 2021లో అమెరికా ఫ్యాషన్‌ డిజైనర్ల మండలి ఆయనకు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. లూయీ విటాన్‌ పురుషుల దుస్తుల బాధ్యతను 2018లో వర్జిల్‌ ఆబ్లోకు, ఆయన మరణానంతరం 2023లో ఫారెల్‌ విలియమ్స్‌కు అప్పగించింది. ఇద్దరూ నల్లజాతివారే. 2025 మే నెలలో ఐదో అవెన్యూలోని మెట్రోపాలిటన్‌ మ్యూజియం నల్లజాతి పురుషుల సొగసు మీద ప్రదర్శన పెట్టింది. ప్రారంభ విందు 3.1 కోట్ల డాలర్లు రాబట్టింది. సబ్యసాచి కోటులో షారుఖ్‌ ఖాన్‌, పాటియాలా మహారాజా తరహాలో దిల్‌జీత్‌ దోసాంజ్‌ కూడా ఆ మెట్లెక్కారు. 1917లో మౌనంగా నడిచినవారి వీధి కూడా ఐదో అవెన్యూయే.

సంతోషించాల్సిందే. అయితే మ్యూజియం గాజుపెట్టెలో పెట్టగలిగేది కోటునే. సరకు ఇవ్వనన్న వ్యాపారిని, జప్తు చేసిన బీరువాలను, పోయిన పాతికేళ్లను పెట్టలేదు. 125వ వీధిలోని పాత దుకాణానికి ఏ అర్ధరాత్రి వెళ్లినా తలుపు తెరిచే ఉండేది. జేబులో డబ్బుందా అనే తప్ప నువ్వెవరని అడిగేవాళ్లు కాదు. లెనాక్స్‌ అవెన్యూ కుట్టుశాల తెరిచింది ముందుగా అపాయింట్‌మెంట్‌ తీసుకున్నవారి కోసం. డ్యాపర్‌ డ్యాన్‌కు పెద్ద తలుపులు తెరుచుకున్నాయి. చిల్లుల బూట్లతో హార్లెమ్‌లో నడుస్తున్న మరో కుర్రాడికి ఏ తలుపు తెరుచుకుంటుంది, అదీ ఎన్నేళ్లకు?